పెద్దవయసు దాత కిడ్నీ ఉందని ఫోనొస్తే

(డయాలిసిస్ పేషెంట్లు, వాళ్ల ఇంటివాళ్ల కోసం జరిగిన సభలో ఒక నెఫ్రాలజిస్టు ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్నవాళ్లలో కొందరు పొద్దున డయాలిసిస్ అయిపోగానే నేరుగా ఇక్కడికే వచ్చారు. చేతికి ఆ పట్టీ ఇంకా అలాగే ఉంది. నీరసంగా అనిపిస్తే మధ్యలోనే లేచి వెళ్లి నడుం వాల్చండి, నేనేమీ అనుకోను.

ఒక పాత సంగతితో మొదలుపెడతాను. 1933 ఏప్రిల్ నెల. ఇప్పటి ఉక్రెయిన్‌లో ఖేర్సన్ అనే ఊరు. 26 ఏళ్ల అమ్మాయి పాదరసం విషం మింగి ఆస్పత్రికి వచ్చింది. రెండు కిడ్నీలూ ఆగిపోయాయి. అప్పటికింకా మనుషులకి పనికొచ్చే డయాలిసిస్ మెషినే లేదు. యూరీ వొరొనోయ్ అనే సర్జన్, తలకి దెబ్బ తగిలి చనిపోయిన ఒకాయన కిడ్నీ తీసి ఆ అమ్మాయి తొడలో రక్తనాళాలకి కలిపి కుట్టాడు. ఒక మనిషి కిడ్నీ ఇంకో మనిషికి పెట్టడం అదే మొదలు. బ్లడ్ గ్రూపులు కలవలేదు. పైగా ఆయన చనిపోయిన కొన్ని గంటలకి తీసిన కిడ్నీ. రెండు రోజులకే ఆ అమ్మాయి ప్రాణం పోయింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ దాత వయసు 60 ఏళ్లు. అంటే ఈ వైద్యంలో మొట్టమొదటి దాతే ఇవాళ మనం ‘అమ్మో, పెద్దాయనదా’ అని వెనక్కి తగ్గే వయసువాడు. తర్వాత తర్వాత ఈ వైద్యం బాగా నిలదొక్కుకుంది. యాక్సిడెంట్లలో పోయిన పాతికేళ్ల కుర్రాళ్ల కిడ్నీలు రావడంతో, కిడ్నీ అంటే అలాగే ఉండాలని మనందరికీ మనసులో ఒక బొమ్మ పడిపోయింది. డాక్టర్లమైన మాకు కూడా. ఆ బొమ్మ వల్ల ఎంత నష్టం జరుగుతోందో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

కిడ్నీ ముసలిదవడం అంటే ఏమిటి? ఒక్కో కిడ్నీలో సుమారుగా పది లక్షల వడపోత గొట్టాలుంటాయి, నెఫ్రాన్లంటాం. నలభై దాటాక ఇవి కొన్ని కొన్ని గట్టిపడి మూసుకుపోతుంటాయి. ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం, అదే జీఎఫ్‌ఆర్ ఏడాదికి సుమారుగా ఒక పాయింటు చొప్పున తగ్గుతుంది. జుట్టు నెరవడం లాంటిదే. బీపీ, షుగరు ఉంటే ఇంకా త్వరగా తగ్గుతుంది. కాబట్టి 70 ఏళ్ల మనిషి కిడ్నీలో పాతికేళ్ల మనిషి కిడ్నీలో ఉన్నంత నిల్వ ఉండదు. ఇందులో దాపరికం లేదు.

అయితే ఆ 70 ఏళ్ల మనిషి నిన్నటిదాకా ఆ కిడ్నీలతోనే తిరిగాడు కదా! తిన్నాడు, తాగాడు, మెట్లెక్కాడు. ఆయనకి డయాలిసిస్ అక్కర్లేకపోయింది. ఆ రెండింటిలో ఒకటి మీకొస్తే, మీ జీఎఫ్‌ఆర్ 35 దగ్గరో 40 దగ్గరో నిలబడొచ్చు. పరీక్షల కాగితం మీద అది చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ వారానికి మూడు సిట్టింగులు, ఒక్కోటి నాలుగేసి గంటలు, ఒక్కటి కూడా మానకుండా చేయించుకున్నా డయాలిసిస్ చేసిపెట్టే పని మామూలు కిడ్నీల పనిలో పదిహేను శాతం దాటదు. అది కూడా విడతలు విడతలుగా. కిడ్నీ అయితే రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. ఇక్కడ కూర్చున్న వాళ్లకి ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. రెండు సిట్టింగుల మధ్య పెద్ద గ్యాపు వచ్చిన రోజు పొద్దున్నే లేస్తే ఒళ్లెలా ఉంటుందో మీకే బాగా తెలుసు.

ఇప్పుడు మాకున్న లేబుళ్ల సంగతి. 2002లో అమెరికాలో ఒక నిర్వచనం పెట్టారు. దాతకి 60 ఏళ్లు నిండినా, లేదా 50 నుంచి 59 మధ్య ఉండి బీపీ ఉండటం, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన మలినం) 1.5 దాటడం, పక్షవాతం స్ట్రోకుతో చనిపోవడం, ఈ మూడింటిలో రెండు ఉన్నా, ఆ కిడ్నీని వేరే వర్గంలో వేశారు. మంచి దాతల కిడ్నీలతో పోలిస్తే ఇవి పాడయ్యే అవకాశం కనీసం 70 శాతం ఎక్కువ. గీత అక్కడ గీశారు. ఆ తర్వాత 2014 డిసెంబరు నుంచి కేడీపీఐ అనే స్కోరు వాడుతున్నారు. దాత వయసు, ఎత్తు, బరువు, బీపీ, షుగరు, క్రియాటినిన్, ఎలా చనిపోయారు అనేవన్నీ కలిపి 0 నుంచి 100 దాకా ఒక అంకె ఇస్తారు. పరీక్షలో మార్కుల్లా అనుకోకండి, ఇది దానికి తిరగేసి ఉంటుంది. 85 వచ్చిందంటే అంతకుముందు ఏడాది వచ్చిన కిడ్నీల్లో 85 శాతం దీనికన్నా ఎక్కువ కాలం పనిచేస్తాయని అంచనా. 20 లోపు స్కోరున్నవి సగటున పదకొండున్నరేళ్ల దాకా, మధ్యలో ఉన్నవి తొమ్మిదేళ్ల దగ్గర, 85 దాటినవి అయిదున్నరేళ్ల పైచిలుకు పనిచేస్తాయని అక్కడ పేషెంట్లకిచ్చే కరపత్రంలోనే రాస్తారు.

అయిదున్నరేళ్లు అనగానే కొందరి మొహాలు వాడిపోయాయి. నాకు ఇక్కణ్ణించి కనిపిస్తోంది. కొంచెం ఆగండి.

మొదటి మాట, ఆ స్కోరు అంత గొప్ప జోస్యం కాదు. రెండు కిడ్నీలు పక్కపక్కన పెట్టి ఏది ముందు పాడవుతుందో చెప్పమంటే, నాణెం ఎగరేసి చెబితే నూటికి యాభై సార్లు కరెక్టవుతుంది. ఈ స్కోరు చూసి చెబితే అరవై చిల్లర సార్లు. అంతే తేడా. గుంపు మొత్తం మీద ఉపయోగపడుతుంది, మీకొచ్చిన ఒక్క కిడ్నీ గురించి చెప్పేది తక్కువ.

రెండో మాట అసలైంది. అయిదున్నరేళ్లు దేనికన్నా తక్కువ? పదకొండేళ్ల కిడ్నీకన్నా తక్కువే, నిజం. కానీ ఆ రాత్రి మీకు ఫోనొచ్చినప్పుడు, ఒక చేతిలో ముసలి కిడ్నీ, ఇంకో చేతిలో కుర్ర కిడ్నీ పెట్టి ఏది కావాలో తీసుకోమని ఎవరూ అడగరు. ఒక చేతిలో ఈ కిడ్నీ ఉంటుంది. రెండో చేతిలో ఉండేది ఇంకొంతకాలం డయాలిసిస్. ఆ కొంతకాలం ఏడాదా, నాలుగేళ్లా అన్నది ఎవరూ చెప్పలేరు. అమెరికా రిజిస్ట్రీ లెక్కల్లో, హిమోడయాలిసిస్ మొదలుపెట్టినవాళ్లలో అయిదేళ్ల తర్వాత బతికున్నది సగానికన్నా తక్కువ మంది. ఈ మాట మీ ముందు చెప్పడం నాకు కష్టంగానే ఉంది. కానీ దీన్ని పక్కనపెట్టి కిడ్నీ ఎన్నేళ్లొస్తుందని మాట్లాడుకుంటే సగం లెక్కే చూసినట్టు.

1999లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పాలి. కిడ్నీ కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లందరినీ తీసుకుని, వాళ్లలో కిడ్నీ వచ్చినవాళ్లనీ, ఇంకా లిస్టులోనే ఉండిపోయినవాళ్లనీ పోల్చారు. ఆపరేషనయిన మొదటి రెండు వారాల్లో ప్రాణాపాయం, డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకన్నా 2.8 రెట్లు ఎక్కువ. దాదాపు 106వ రోజు దగ్గర రెండూ సమానమయ్యాయి. ఏడాదిన్నర తర్వాత చూస్తే కిడ్నీ వచ్చినవాళ్లకి ప్రాణాపాయం 68 శాతం తక్కువ. ఇది అన్ని రకాల కిడ్నీలూ కలిపి. మరి ఇందాక చెప్పిన పెద్దవయసు దాతల కిడ్నీల మాటేమిటి? 2005లో దాన్నీ లెక్క కట్టారు. అక్కడా చివరికి లాభమే, దీర్ఘకాలంలో ప్రాణాపాయం 17 శాతం తక్కువ. కాకపోతే మొదట్లో ఆపరేషన్ వల్ల వెనకబడ్డది పూడ్చుకోవడానికి మూడున్నరేళ్లు పట్టింది. ఆ లాభం కూడా అందరికీ ఒకేలా లేదు. నలభై దాటినవాళ్లకి, షుగరు వల్ల కిడ్నీలు పోయినవాళ్లకి, వెయిటింగ్ 1,350 రోజులు దాటిపోయే ప్రాంతాల్లో ఉన్నవాళ్లకి స్పష్టంగా కనిపించింది.

అందుకని పెద్దవయసు కిడ్నీ ఎవరికైనా మంచిదేనని నేననడం లేదు. పాతికేళ్ల అబ్బాయి వచ్చి ‘సార్, 72 ఏళ్ల దాత కిడ్నీ వచ్చింది, తీసుకోమంటారా’ అంటే చాలాసార్లు వద్దనే చెబుతాను. అతను ఇంకా నలభై యాభై ఏళ్లు బతకాలి. ఆ కిడ్నీ ఆరేళ్లకి పోతే రెండోది కావాలి. మొదటిదాని వల్ల ఒంట్లో యాంటీబాడీలు తయారై ఉంటే, రెండోది కలిసేది దొరకడం గగనమైపోతుంది. అతని ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) బాగా పనిచేస్తోంది, గుండె బాగుంది, ఇంట్లో దాత దొరికే అవకాశముంది, అలాంటప్పుడు ఆగడమే మేలు. అదే 64 ఏళ్ల ఆవిడ, షుగరు, చేతుల్లో రెండు ఫిస్టులాలు మూసుకుపోయాయి, మెడలో పెట్టిన గొట్టం, అంటే క్యాథెటర్ మీద నడుస్తోంది, బ్లడ్ గ్రూపు ‘ఓ’ కాబట్టి లైను పెద్దది. ఆవిడకి ఆగమని చెప్పాలంటే నాకు నోరు రాదు.

ఒకప్పుడు వచ్చింది. అది కూడా చెబుతాను.

నా దగ్గర ఒక మాస్టారు ఉండేవారు. 63 ఏళ్లు. ఏడేళ్లుగా డయాలిసిస్. మెషిన్ పక్కన కూర్చుని చిన్న నోటు పుస్తకంలో ప్రతి సిట్టింగుకీ బరువు, బీపీ రాసుకునేవారు. ఎడమ పేజీలో ముందుది, కుడి పేజీలో తర్వాతది. ఒకరాత్రి 71 ఏళ్ల దాత కిడ్నీ ఆయనకి వచ్చింది. దాతకి బీపీ ఉంది, స్ట్రోకుతో పోయారు, క్రియాటినిన్ 1.4. నేను ఫైలు చూసి, ‘మాస్టారూ, మీరు ఇన్నేళ్లాగారు, ఇంకాస్త ఆగుదాం, ఇంతకన్నా మంచిది వస్తుంది’ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘మీ ఇష్టం డాక్టరుగారూ’ అన్నారు. ఎంత నమ్మకంగా అన్నారో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పద్నాలుగు నెలలకి ఫిస్టులాలో రక్తం గడ్డకట్టింది. క్యాథెటర్ పెట్టాం. ఇన్ఫెక్షన్ వచ్చింది, అది గుండె వాల్వుకి పాకింది. ఆ పద్నాలుగు నెలల్లో ఇంకో ఫోను రాలేదు. నోటు పుస్తకంలో ఆఖరి కుడి పేజీ ఖాళీగా ఉండిపోయింది.

ఆ కిడ్నీ తీసుకుని ఉంటే ఆయన బతికేవారని నేను ప్రమాణం చేయలేను. ఆపరేషన్ టేబుల్ మీదే ఏదైనా అయ్యుండొచ్చు. కానీ నేను ఆ రాత్రి కిడ్నీని కిడ్నీతోనే పోల్చాను. ఆయన ముందున్న పద్నాలుగు నెలలతో పోల్చలేదు. పైగా ఆ నిర్ణయం ఆయనది. అర్ధరాత్రి ఫోనులో నేను లాగేసుకున్నాను. ఆలస్యం అమృతం విషం అంటారు, అది డయాలిసిస్ గదిలో ఉన్నంత నిజం ఇంకెక్కడా ఉండదేమో.

ఇక రిస్కు అనే మాట దగ్గరికొద్దాం. ఇక్కడ పెద్ద గందరగోళం ఉంది. రిస్కు అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిపేస్తున్నాం. ఒకటి, కిడ్నీ ఎంతకాలం పనిచేస్తుందన్నది. ఇప్పటిదాకా మాట్లాడింది అదే. రెండోది, దాత నుంచి ఏదైనా ఇన్ఫెక్షన్ అంటుకుంటుందా అన్నది. ఉదాహరణకి, మత్తుమందు ఎక్కువై చనిపోయిన ముప్పై ఏళ్ల మనిషి కిడ్నీ చాలా గట్టిది, పదేళ్లు దాటి పనిచేసేది. కానీ సూదులు వాడే అలవాటు ఉంది కాబట్టి దానిమీద రిస్కు ముద్ర పడేది. అది చూసి జనం భయపడి వద్దనేవారు.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ మూడింటికీ ఇప్పుడు నాట్ అనే పరీక్ష చేస్తారు. వైరస్ జన్యువునే నేరుగా పట్టే పరీక్ష. వైరస్ ఒంట్లోకొచ్చాక పరీక్షకి దొరక్కుండా ఉండే రోజులు హెచ్‌ఐవీకి, సీకి దాదాపు వారం పదిరోజులు, బీకి మూడు వారాలు. ఆ సందులో జారిపోయే అవకాశం ఉంది, కానీ సూదులు వాడే దాతల్లో కూడా అది నూటికి ఒకటి లేదు. వద్దన్నవాళ్లకి ఏమైందో 2018లో లెక్క తీశారు. ఇలాంటి ముద్ర పడ్డ కిడ్నీని కాదన్నవాళ్లలో, అయిదేళ్లలో ముద్ర లేని కిడ్నీ దొరికింది 31 శాతం మందికే. అలా దొరికినవాటి కేడీపీఐ స్కోరు కూడా సగటున 52. మరి వాళ్లు వద్దన్న కిడ్నీల స్కోరెంతో తెలుసా? 21. ఉత్త ముద్ర చూసి భయపడి మంచి కిడ్నీ వదులుకుని, ఏళ్లు ఆగి, అంతకన్నా పాతది తీసుకున్నారు. ఒప్పుకున్నవాళ్లకి ఆరు నెలల తర్వాత ప్రాణాపాయం 48 శాతం తక్కువ. ఇవన్నీ చూసే 2020లో అమెరికాలో ఆ ముద్ర వేయడమే మానేశారు. దాత ప్రవర్తనలో చూసే కాలాన్ని కూడా ఏడాది నుంచి 30 రోజులకి కుదించారు. పరీక్షలు అంత మెరుగయ్యాయి మరి.

హెపటైటిస్ సీ ఉందని తెలిసిన దాతలు కూడా ఇప్పుడు పనికొస్తున్నారు. నేను చదువుకునే రోజుల్లో ఈ మాట ఎవరైనా అని ఉంటే నమ్మేవాణ్ణి కాను. పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. 2017లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు, ఈ జబ్బు లేని పదిమందికి, జబ్బున్న దాతల కిడ్నీలు పెట్టి, వెంటనే మందులిచ్చి, పదిమందికీ నయమైందని రాశారు. హెచ్‌ఐవీ ఉన్న దాత కిడ్నీ హెచ్‌ఐవీ ఉన్న పేషెంటుకే పెట్టడం 2008లో కేప్‌టౌన్‌లో డాక్టర్ ఎల్మీ మ్యూలర్ మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి డయాలిసిస్సే దొరికేది కష్టం. వాళ్లకి ఆ కిడ్నీలు తప్ప వేరే దారి లేదు. ఆ ధైర్యం చూసే, 2013లో అమెరికాలో చట్టం మార్చారు.

కాదనాల్సినవీ ఉన్నాయి. దాతకి ఒంట్లో పాకుతున్న క్యాన్సర్ ఉంటే, కారణం తెలియని మెదడువాపుతో చనిపోయి ఉంటే తీసుకోం. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా.

(సభలోంచి ఒకరు: క్రియాటినిన్ 4 ఉన్న దాత కిడ్నీ మా అన్నయ్యకి ఇస్తామన్నారండీ. పాడైపోయిన కిడ్నీ ఎందుకని మేం వద్దన్నాం.)

కూర్చోండమ్మా. మంచి ప్రశ్న అడిగారు. ఆ దాత వయసెంతో గుర్తుందా? ముప్పై నాలుగా. చూడండి, క్రియాటినిన్ 4 అనగానే మనకి మన రిపోర్టే గుర్తొస్తుంది. మీ అన్నయ్యగారి క్రియాటినిన్ ఏళ్ల తరబడి మెల్లగా పెరిగింది. లోపల మచ్చలు పడి, కిడ్నీ కుంచించుకుపోయింది, తిరిగిరాదు. ఆ దాతకి పెరిగింది రెండు మూడు రోజుల్లో. దెబ్బ తగిలి బీపీ పడిపోయి, ఐసీయూలో రక్తప్రసారం తగ్గి కిడ్నీ షాక్ తింది. అది స్పృహ తప్పడం లాంటిది. రక్తం సరిగా అందితే చాలా కిడ్నీలు కోలుకుంటాయి. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు డయాలిసిస్ కావాల్సి రావచ్చు, ఏడాదికి చూస్తే మామూలు కిడ్నీలతో సమానంగా పనిచేస్తున్నాయి. మీరు తప్పు చేశారని అనుకోవద్దు. ఈ తేడా మీకు ముందే ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సింది. ఆ తప్పు మాది.

కిడ్నీలు పారేసే సంగతి కూడా మీకు తెలియాలి. దాత ఇంటివాళ్లు ఒప్పుకుని, ఆపరేషన్ చేసి బయటికి తీశాక కూడా ఎవరూ తీసుకోక పారేసే కిడ్నీలు చాలా ఉన్నాయి. 2004 నుంచి 2014 దాకా అమెరికా లెక్కలూ ఫ్రాన్స్ లెక్కలూ పోల్చి చూశారు. అమెరికాలో తీసినవాటిలో 17.9 శాతం పారేశారు, ఫ్రాన్స్‌లో 9.1 శాతం. ఫ్రాన్స్‌వాళ్లు వాడే పద్ధతే అమెరికాలోనూ ఉండి ఉంటే, పారేసిన సుమారు 28 వేలల్లో 17 వేలకి పైగా ఎవరో ఒకరి ఒంట్లో పనిచేస్తూ ఉండేవి. పదిహేడు వేలు! నేను ఆ పేపరు చదివిన రోజు రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. స్పెయిన్‌లో అయితే దాతల్లో సగానికి పైగా 60 దాటినవాళ్లే. అక్కడ 80 దాటినవాళ్ల కిడ్నీలు కూడా వాడతారు.

పారేయడానికి ఎక్కువగా రాసే కారణం బయాప్సీ. కిడ్నీ బయటికి తీయగానే చిన్న ముక్క గడ్డకట్టించి, హడావుడిగా మైక్రోస్కోపు కింద చూస్తారు. రాత్రి మూడింటికి డ్యూటీలో ఉన్న పాథాలజిస్టు రోజూ కిడ్నీలు చూసేవాడు కాకపోవచ్చు. ఒకే కిడ్నీకి రెండుసార్లు బయాప్సీ చేస్తే రెండు రకాల ఫలితం రావడం నేనే చూశాను. ఒకే దాత కిడ్నీల్లో ఒకటి పారేసి రెండోది పెట్టిన సందర్భాలు కూడా పరిశీలించారు. పెట్టినవాటిలో ఎక్కువ భాగం ఏడాది తర్వాత చక్కగా పనిచేస్తున్నాయి. మరి వాటి తోబుట్టువులు చెత్తలోకి ఎందుకు పోయాయి? బయాప్సీని పద్ధతిగా వాడితే మేలూ ఉంది. ఇటలీలో రెముజ్జి బృందం 60 దాటిన దాతల కిడ్నీలకి 0 నుంచి 12 దాకా స్కోరు పెట్టింది. 3 దాకా అయితే ఒకటి పెట్టారు, 4 నుంచి 6 అయితే రెండూ ఒకరికే పెట్టారు, అంతకన్నా ఎక్కువైతే వదిలేశారు. అలా పెట్టినవి మూడేళ్లకి 60 లోపు దాతల కిడ్నీలతో సమానంగా నిలిచాయి. 2006లో ప్రచురించారు.

పెద్దవయసు కిడ్నీకి శత్రువు టైము. ఐసులో గంటలు గడిచేకొద్దీ అది కుర్ర కిడ్నీకన్నా ఎక్కువ దెబ్బతింటుంది. అందుకే యూరప్‌లో జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్, బెల్జియం లాంటి దేశాలు కలిసి 1999లో ఒక పద్ధతి పెట్టుకున్నాయి. 65 దాటిన దాత కిడ్నీ 65 దాటిన పేషెంటుకి, అదీ దగ్గర్లో ఉన్నవాళ్లకే. హెచ్‌ఎల్‌ఏ (దాత, పేషెంటు కణజాలం గుర్తులు) కలిసిందా లేదా అని చూస్తూ గంటలు పోగొట్టరు. ఐసు పెట్టె బదులు చల్లటి ద్రవాన్ని లోపలికి తిప్పుతూ ఉంచే పంపు కూడా వచ్చింది. దానివల్ల కిడ్నీ ఆలస్యంగా మేలుకోవడం కొంత తగ్గుతుంది.

నేను సర్జన్ని కాను. కానీ వీలైనప్పుడల్లా థియేటర్లోకి వెళ్లి నిలబడతాను. పళ్లెంలో ఐసు మధ్య కిడ్నీ ఉంటుంది. రక్తమంతా కడిగేస్తారు కాబట్టి పాలిపోయి బూడిదరంగులో ఉంటుంది. పెద్దవాళ్లదైతే చుట్టూ పసుపుపచ్చ కొవ్వు గట్టిగా అంటుకుని ఉంటుంది. సర్జన్ దాన్ని కత్తెరతో ఓపిగ్గా విడదీస్తాడు. తర్వాత ధమని మొదట్లో వేలు పెట్టి తడుముతాడు. కుర్ర ధమని రబ్బరు గొట్టంలా ఉంటుంది. పెద్దవాళ్లది అక్కడక్కడ గుడ్డు పెంకులా తగులుతుంది, సున్నం పేరుకుని. కుట్టు వేయడానికి మెత్తటి చోటు వెతుక్కోవాలి. కుట్టడం అయ్యాక, రక్తం రాకుండా బిగించిన క్లాంపు తీస్తారు. అప్పుడు థియేటర్లో ఎవరూ మాట్లాడరు. ఒక చివర నుంచి గులాబీరంగు పాకుతూ వస్తుంది, మెత్తగా ఉన్న కిడ్నీ బిగుసుకుంటుంది. కుర్ర కిడ్నీ అయితే అక్కడికక్కడే యూరిన్ చుక్కలు రాలతాయి. పెద్దవయసు కిడ్నీ చాలాసార్లు ఏమీ ఇవ్వదు. రంగొస్తుంది, నాడి కొడుతుంది, అంతే, నిద్రపోతున్నట్టు ఉంటుంది.

అందుకే ముందే చెబుతున్నాను, ఆపరేషన్ అయ్యాక మళ్లీ డయాలిసిస్‌కి తీసుకెళ్తే గుండె పగిలిపోకండి. వారం, పది రోజులు, మూడు వారాలు కూడా పట్టొచ్చు. ఒకావిడకి పద్దెనిమిదో రోజు దాకా సంచీలో గ్లాసుడు కూడా రాలేదు. వాళ్లబ్బాయి రోజూ పొద్దున్నే వచ్చి మంచం కింద వంగి సంచీ చూసి, ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయేవాడు. పంతొమ్మిదో రోజు వంగినవాడు లేవలేదు. అలాగే కూర్చుని ఏడ్చాడు. 900 మిల్లీలీటర్లు. ఆవిడ క్రియాటినిన్ ఇప్పుడు 1.9. ఎప్పటికీ 1 కాదు. ఆవిడకి దాంతో పనీ లేదు. నాలుగేళ్లయింది, మెషిన్ మొహం చూడలేదు.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. అర్ధరాత్రి ఫోనొచ్చినప్పుడు ఆలోచించడం మొదలుపెట్టొద్దు. మాకు ఇచ్చే టైము గంటో, ఇంకా తక్కువో. మీ తర్వాత ఓపీకి వచ్చినప్పుడే డాక్టర్ని కూర్చోబెట్టి అడగండి. నా వయసుకి, నా గుండెకి, నా బ్లడ్ గ్రూపుకి ఎన్నేళ్లు ఆగాల్సి రావచ్చు? ఈలోపు నాకేమైనా అయ్యే అవకాశం ఎంత? పెద్దవయసు దాతది వస్తే నాకు తీసుకోమంటారా, వద్దంటారా, ఎందుకు? నా పేరు మీద గతంలో ఏవైనా కిడ్నీలు వచ్చి మీరు వద్దన్నారా? ఈ ఆఖరిది అడగడానికి మొహమాటపడకండి. నన్ను మాస్టారు అడిగి ఉంటే బావుండేదని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు ఒక నిర్ణయానికి రండి. ఒప్పుకుంటే కాగితం మీద సంతకం పెట్టండి. రేపు మనసు మారితే మార్చుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, లైనులో మీ చోటూ పోదు.

(సభలోంచి ఒక పెద్దాయన: నాకు 76 అండీ. నేను పేషెంట్ని కాను, మా ఆవిడకి డయాలిసిస్. నేను పోతే నా కిడ్నీలు ఎవరికైనా పనికొస్తాయా? ఈ వయసులో కార్డు రాసివ్వడం దేనికని మావాళ్లు నవ్వుతున్నారు.)

రాసివ్వండి. మీ షుగరు, బీపీ చూసుకుంటూ ఉండండి. పనికొస్తాయా రావా అన్నది ఆ రోజు కిడ్నీలని చూసి చెప్పాల్సిన మాట, ఇవాళ మీ పుట్టినరోజు చూసి చెప్పేది కాదు. మొన్నామధ్య మా కోఆర్డినేటర్ ఒక సంగతి చెప్పింది. 74 ఏళ్ల ఆయన బ్రెయిన్ డెడ్ అయ్యారు. ఆవిడ దానం గురించి మాట్లాడటానికి వెళ్తే, ఆయన కూతురు ముందే, ‘మా నాన్న ముసలాయన కదండీ, ఆయనవి ఎవరికి కావాలి’ అందట. పరీక్షలు చేశారు. కుడి కిడ్నీలో పెద్ద నీటి తిత్తులున్నాయి, దాన్ని వదిలేశారు. ఎడమది 67 ఏళ్ల ఒకావిడకి పెట్టారు. నెల తర్వాత ఆ కూతురు ఫోన్ చేసి పేరు అడగలేదు, ఊరు అడగలేదు, పనిచేస్తోందా అని మాత్రం అడిగింది. పనిచేస్తోందని చెప్పారు.